ఆఖరి పేరా

జూలై 4

పొద్దున్నే మా పేపరు ఎడిటర్ ఫోన్ చేశాడు. ఎదుటి పేపరు మూడో పేజీ చూశావా అని అడిగాడు. చూడలేదన్నాను. అప్పటికి రెండుసార్లు చూశాను.

మూడో పేజీలో సగం మా తోడల్లుడే. తరగతి గది, చేతిలో సుద్దముక్క, చుట్టూ పిల్లలు, అందరి మొహాల్లో నవ్వు. బొమ్మ కింద "ప్రజాస్వామ్యాన్ని ఆడించి చూపే మేష్టారు" అని రాశారు. రాసిన అమ్మాయి ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది. మొదటి పేరాలోనే అద్భుతం, అపూర్వం, ఆదర్శం. ఏం జరుగుతోందో మాత్రం ఏడో పేరా దాకా చెప్పలేదు.

"విద్యావార్తలు నీ బీటు. ఆయన మీ ఆవిడ చెల్లెలి మొగుడు. మీ అమ్మాయి ఆ క్లాసులోనే చదువుతోంది. వార్త ఇంతకన్నా దగ్గరకి ఎలా వస్తుందయ్యా? వచ్చి ఒళ్ళో కూర్చోవాలా?" అన్నాడు ఎడిటర్.

ఇంట్లోవాళ్ళ గురించి రాయకూడదన్నది నా నియమం అన్నాను.

"ఎప్పటి నుంచి?"

సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

జరిగిందేమిటో నా కోసం ఇక్కడ రాసుకుంటున్నాను. తోడల్లుడు తొమ్మిదో తరగతికి పౌరశాస్త్రం చెబుతాడు. మార్కులు తక్కువ, పట్టించుకునేవాళ్ళు ఇంకా తక్కువ. పోయిన ఏడాది నుంచి పుస్తకం పక్కన పెట్టి పిల్లల చేత పార్టీలు పెట్టిస్తున్నాడు. వాళ్ళు ప్రణాళికలు రాసి గోడకి అంటిస్తారు, వాదించుకుంటారు, ఓట్లు వేసుకుంటారు. అంతే. దీంట్లో వార్త ఏముంది?

అమ్మాయి ఆ ఫోటో కత్తిరించి ఫ్రిజ్ తలుపు మీద పెట్టింది. ఎదుటి పేపరు ముక్క, మా ఇంట్లో. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన వార్త ఒక్కటీ ఆ ఫ్రిజ్ ఎక్కలేదు.

జూలై 6

అత్తగారు వచ్చారు. వచ్చీ రాగానే ఫ్రిజ్ ముందు నిలబడ్డారు.

"చిన్నల్లుడు ఫోటోలో ఎంత బాగా పడ్డాడో! మీరు కూడా ఎప్పుడైనా ఇలా పేపర్లో పడాలి బాబూ."

"మేము ఫోటోలు వేసేవాళ్ళం అత్తయ్యగారూ, పడేవాళ్ళం కాదు."

అందరూ నవ్వారు. బాగా అన్నాననుకున్నాను. ఆవిడ మాత్రం ఫోటో వైపే తిరిగి, "ఆ చొక్కా నేను కొన్నదే," అన్నారు.

జూలై 9

భోజనాల దగ్గర అమ్మాయి ప్రకటన.

"నాన్నా, మా కిటికీ పార్టీకి మెజారిటీ రాలేదు. వెనకబెంచీ పార్టీతో కలిసి సంకీర్ణం పెడుతున్నాం."

"పోయిన వారమే కదే వాళ్ళని తిట్టిపోశావు," అంది మా ఆవిడ.

"అది ఎన్నికల ముందమ్మా."

నేను గట్టిగా నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది.

"మనింట్లో కూడా సంకీర్ణమే. నువ్వూ అమ్మా ప్రభుత్వం. నేను బయటి నుంచి మద్దతిస్తున్నాను. ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు," అంది అమ్మాయి.

"ఉపసంహరించుకుని ఎక్కడికి పోతావు?"

"బాబాయి వాళ్ళింటికి."

కిటికీ పార్టీ అంటే క్లాసులో కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉండాలనే పార్టీ. వెనకబెంచీ పార్టీకి వారానికోసారి కూర్చునే చోట్లు మారాలి. ఇంకో రెండున్నాయి, వాటి పేర్లు గుర్తులేవు. ఎదుటి పార్టీ చెప్పినదాంట్లో ఒక్క మంచి సంగతైనా ఒప్పుకోకుండా విమర్శ మొదలుపెట్టకూడదట. బాబాయి నియమం. ఆ నియమం వల్ల మాట్లాడటం కష్టమవుతోందనీ, అందుకే సరదాగా ఉందనీ చెప్పింది.

ఈ పిల్లే చిన్నప్పుడు సెలవు వస్తే నాతో ఆఫీసుకి వచ్చేది. నా పక్క కుర్చీలో కూర్చుని, నేను టైపు చేస్తుంటే అక్షరం అక్షరం చదివేది. ప్రతిదానికీ "మా నాన్న చెప్పాడు" అంటుందని, తన మాట వినదని, టీచరు నా దగ్గర మొత్తుకుంది. నేను పైకి అమ్మాయిని మందలించాను.

జూలై 11

బాబాయి అన్నాడు. బాబాయి అలా అనడు. బాబాయిని అడుగుతాను. సాయంత్రం నుంచి ఇదే.

జూలై 15

విద్యామండలి మా తోడల్లుడి పద్ధతిని అన్ని బళ్ళలోనూ పెట్టే ఆలోచన చేస్తోంది. ఆగస్టు పద్నాలుగున నిర్ణయం. ప్రజల అభిప్రాయాన్ని కూడా చూస్తామన్నారు.

ఎడిటర్ పిలిచాడు. "మనమే సర్వే చేయిద్దాం. పిల్లలకి ఇది నేర్పాలా వద్దా, జనం ఏమనుకుంటున్నారు? వార్త నువ్వే రాయి. ఈసారైనా మనం ముందుండాలి."

"బంధుత్వం ఉంది కదా."

"అభిప్రాయం రాయమన్నానా? అంకెలు రాయమన్నాను. అంకెలకి బంధువులుంటారా?"

ఉండరు. అందుకే ఒప్పుకున్నాను.

ఇంట్లో చెప్తే మా ఆవిడ మొహం విప్పారింది. "మీరు రాస్తే చెల్లి ఎంత సంతోషిస్తుందో. ఆయనైతే మీ పేరు చెప్పుకుని తిరుగుతాడు."

ఆయనకి నా పేరెందుకు? తన పేరు చాలకనా?

జూలై 18

సర్వేకి ముందు ఒకసారి వీధిలో అడిగి చూడటం నా అలవాటు. మాట ఎలా పలుకుతుందో తెలుస్తుంది.

సెలూన్‌లో అడిగాను. "బళ్ళో పిల్లలకి రాజకీయాలు నేర్పొచ్చా?"

సెలూన్ అతను కత్తెర ఆపాడు. "పిల్లలకి రాజకీయాలెందుకు సార్? ఇంట్లో మా బావమరుదులు చేసేవి చాలవా?"

పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన సబ్బునురుగులోంచి, "వద్దే వద్దు. ఇప్పటికే చెప్పిన మాట వినరు," అన్నాడు.

బస్‌స్టాపులో అడిగితే అక్కడున్నావిడ నేనే ఏదో పార్టీ మనిషిననుకుని బ్యాగు దగ్గరికి లాక్కుంది.

టైలర్ దగ్గరికి వచ్చేసరికి అదే ప్రశ్న అడిగి అడిగి విసుగొచ్చి ఇంకోలా అడిగాను. "ఏ పార్టీ ఏం చెబుతోందో చదివి, ఆలోచించి ఓటు వేయడం బళ్ళో నేర్పితే ఎలా ఉంటుంది?"

"నేర్పాలి మరి! మా అబ్బాయికి మొన్నే ఓటొచ్చింది. ఎవరికేశావురా అంటే, గుర్తు ముద్దుగా ఉంది, దానికేశానన్నాడు. ఏం చెప్పుకోమంటారు?"

వెనక్కి సెలూన్‌కి నడిచాను. టైలర్‌ని అడిగినట్టే అడిగాను.

"అది మంచిదే కదా సార్," అన్నాడు సెలూన్ అతను. "అది రాజకీయం ఎలా అవుతుంది?"

ఇంకా అక్కడే ఉన్న సబ్బునురుగు పెద్దాయన కూడా తలూపాడు. మనుషులు వాళ్ళే, మాట మారింది, జవాబు తిరగబడింది. ఆసక్తికరమైన విషయం. పాఠకులకి చెప్పదగ్గ విషయం.

జూలై 19

సర్వే సంస్థకి వెళ్ళాను. అక్కడి ఆవిడ కళ్ళజోడు తలమీద పెట్టుకుని కళ్ళజోడు కోసమే వెతుకుతోంది. ఆవిడ తయారుచేసిన ప్రశ్న టైలర్‌ని నేను అడిగినట్టే ఉంది: ఓటు గురించీ, పార్టీల ప్రణాళికల గురించీ, భిన్నాభిప్రాయాల గురించీ బళ్ళో నేర్పాలా?

"ఇంత పొడుగ్గా జనం మాట్లాడరండీ. జనం వాడే మాట 'రాజకీయాలు'. అది పెట్టండి."

"ఆ మాట పెడితే జవాబు దానంతటదే వచ్చేస్తుంది సార్. చేదు మందా తియ్యటి మందా అని అడిగినట్టే."

"జనం మాటే కదా మనకి కావాల్సింది?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "సరే. రెండూ అడుగుదాం. సగం మందిని నాలాగా, సగం మందిని మీలాగా. కానీ వేసేటప్పుడు రెండూ పక్కపక్కనే వేయాలి. ఒక్కటే వేస్తే ఒంటికాలి మీద నడిపించినట్టు."

తప్పకుండా అన్నాను.

జూలై 23

తోడల్లుడిని టీవీకి పిలిచారు. నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నాకిది కొత్త. ఎలాంటి చొక్కా వేసుకోమంటారు?"

సన్న చారలు కెమెరా ముందు పాకుతాయి. ఈ సంగతి మా వృత్తిలో అందరికీ తెలుసు.

"చారలది బాగుంటుంది," అన్నాను.

జూలై 24

చారల చొక్కాలోనే వచ్చాడు. ఆయన కదిలినప్పుడల్లా చారలు పురుగుల్లా పాకాయి. ఏం మాట్లాడాడో నేను సరిగ్గా వినలేదు. అమ్మాయి టీవీకి ఎదురుగా నేల మీద కూర్చుని ఒక్కో మాటకీ తలూపింది.

కార్యక్రమం అయ్యాక అత్తగారి ఫోన్. "చొక్కా ఎలా మెరిసిపోయిందో చూశారా!"

నాకు అసూయ లేదు. ఉంటే ఇక్కడ రాసి ఉండేవాణ్ణి.

జూలై 29

అంకెలొచ్చాయి. "బళ్ళో రాజకీయాలు నేర్పాలా" అని అడిగిన సగంలో, నూటికి అరవై ఎనిమిది మంది వద్దన్నారు. ఓటు, ప్రణాళికలు, భిన్నాభిప్రాయాలు అని విడమర్చి అడిగిన సగంలో, నూటికి డెబ్బై ఒక్క మంది కావాలన్నారు.

ఆవిడ ఫోన్‌లో చాలా ఉత్సాహంగా ఉంది. "చూశారా సార్, జనం పాఠం వద్దనడం లేదు, పేరు వద్దంటున్నారు. ఇదే మీ వార్త."

ఔను అన్నాను.

జూలై 30

వార్త ఇచ్చేశాను.

మా వృత్తిలో వార్తని కింది నుంచి కోస్తారు. అందుకే ముఖ్యమైనది పైన కడతాం, పోయినా ఫరవాలేనిది కిందికి తోస్తాం. జాగా చాలకపోతే డెస్కు వాళ్ళు చదవకుండానే ఆఖరి పేరా తీసేస్తారు, ఆ తర్వాత దానిపై పేరా. ఎవరి మీదా కోపంతో చేసే పని కాదు.

నేను రెండు ఫలితాలూ రాశాను. ఇది స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను. అరవై ఎనిమిదితో వార్త మొదలైంది. ఏదో ఒకదానితో మొదలవ్వాలి. తర్వాత సెలూన్ మాటలు, బస్‌స్టాపు మాటలు, మండలి సభ్యుల మాటలు. రెండో ఫలితం ఆఖరి పేరాలో వచ్చింది. ఒక్క తప్పు అంకె లేదు. ఒక్క విశేషణం లేదు.

రేపటి మొదటి పేజీలో సగం దాకా వ్యాపార ప్రకటన ఉందని నాకు మధ్యాహ్నమే తెలుసు. తెలుసన్నది నిజం. దానికీ దీనికీ సంబంధం ఉందన్నది ఊహ. నేను ఊహలు రాయను.

జూలై 31

మొదటి పేజీ. నా పేరుతో. "బడుల్లో రాజకీయాలు వద్దు: ప్రజల మాట."

ఆఖరి పేరా లేదు. దానిపై పేరా కూడా లేదు.

మా ఆవిడ చదివి, పేపరు మడిచి, మళ్ళీ విప్పి చదివింది. "నిజంగా ఇంతమంది వద్దన్నారా?"

"అంకెలు అవే."

"చెల్లికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏం చెప్పాలో తెలీడం లేదు."

అమ్మాయి నిలబడే చదివింది. కత్తెర తీయలేదు.

ఎడిటర్ భుజం తట్టాడు. ఎదుటి పేపరు వాళ్ళు రేపు మన అంకెలే వేసుకోవాలి అన్నాడు.

ఆగస్టు 2

ఎండ కాస్తోందా లేదా అన్నదాని మీద కూడా కలవని నాలుగు పార్టీలు ఒక్క రోజులో ఒక్క మాట మీదికొచ్చాయి. బడిని రాజకీయాలకు దూరంగా ఉంచాలి. నాలుగు ప్రకటనల్లోనూ నా వార్తే ఆధారం.

ఒక పార్టీ ప్రతినిధిని అడిగాను, పిల్లలు మీ ప్రణాళిక చదివితే మీకొచ్చిన నష్టమేంటని.

"మేమే చదవం సార్. వాళ్ళు చదివి మమ్మల్ని అడగటం మొదలెడితే ఎలా చెప్పండి?" అని నవ్వి, "ఇది రాయకండి," అన్నాడు.

రాయలేదు. ఇక్కడ తప్ప.

ఆగస్టు 3

సాయంత్రం తోడల్లుడు వచ్చాడు. వస్తాడని తెలుసు. కోపంగా వస్తాడని కూడా అనుకున్నాను. నాలుగు జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

చెప్పులు విడిచి, సోఫా అంచున కూర్చున్నాడు. "అన్నయ్యా, వార్త చదివాను."

"ఊఁ."

"కొంచెం దెబ్బ తగిలినట్టే ఉంది. తల్లిదండ్రులు వచ్చినప్పుడు నవ్వుతూ మాట్లాడి వెళ్ళేవాళ్ళు. ఇష్టమే అనుకున్నాను. లోపల ఇంత భయం పెట్టుకున్నారని తెలీలేదు. తెలుసుకోవాల్సింది."

"జనం మాట జనం చెప్పారు."

"అవును. ఇంకెవరైనా రాసి ఉంటే సర్వే వాళ్ళ దగ్గరికెళ్ళి ఎలా అడిగారో కనుక్కునేవాణ్ణి. మీరు రాశారు కదా. అక్కర్లేదనుకున్నాను."

గుమ్మం దగ్గర అమ్మాయి నిలబడి ఉంది. ఆయన వైపు కాదు, నా వైపు చూస్తోంది. అలా చూసి చాలా కాలమైంది. గర్వంగా ఉందనిపించింది, ఆమెకి, నా గురించి.

టీ తాగుతావా అని అడిగాను. తాగి వెళ్ళాడు.

ఆగస్టు 4

కనీసం అరిచినా బాగుండేది. నాలుగు జవాబులూ అలాగే ఉన్నాయి.

ఆగస్టు 8

స్నానం చేసి వచ్చేసరికి అమ్మాయి నా ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"సర్వే ఆంటీ చేశారు నాన్నా. రెండో సగం ఎప్పుడు వేస్తారని అడగమన్నారు."

నేను తల తుడుచుకుంటూనే ఉన్నాను.

"ఏ రెండో సగం అని అడిగాను. చెప్పారు."

"నేను రాశానమ్మా. డెస్కు వాళ్ళు కోసేశారు. ఆ రోజు జాగా లేదు."

"ఎక్కడ రాశావు?"

"వార్తలోనే."

"వార్తలో ఎక్కడ?"

తువ్వాలు ఆరేశాను. క్లిప్పు పెట్టాను. "ఆఖర్న."

అమ్మాయి నా ఫోన్ బల్ల మీద పెట్టింది. "ఆఖర్న పెట్టినవి ఉండవని నువ్వే కదా చెప్పావు. నీ పక్కన కూర్చోబెట్టుకుని. పోయినా ఫరవాలేనిదే ఆఖర్న పెడతామన్నావు."

"రోజూ కోయరు."

"ఆ రోజు జాగా ఉండదని నీకు ముందే తెలుసా?"

"పత్రికల గురించి నీకేం తెలుసు?"

"నువ్వు చెప్పినంత."

వంటింట్లో మా ఆవిడ కుళాయి కట్టేసింది. అమ్మాయి గొంతు తగ్గించింది. అమ్మకి వినపడకుండా నన్ను కాపాడింది. అది అప్పుడు తట్టలేదు, రాస్తుంటే తట్టింది.

"బాబాయికి చెప్పావా?"

"లేదు."

"ఎందుకని?"

"మండలి మీటింగు పద్నాలుగున కదా. అప్పటికి నువ్వు వేస్తావు." అడగలేదు. చెప్పింది.

ఆగస్టు 10

ఎడిటర్ తనే వచ్చి అడిగాడు. "ఆదివారం పేజీలో కాస్త జాగా ఉంది. ఆ సర్వేలో ఇంకేమైనా మిగిలిందా?"

"చూస్తాను."

మధ్యాహ్నం రెండో సగాన్ని వార్తగా రాశాను. మొదటి వాక్యం: "పాఠం కావాలి, పేరు వద్దు." చదువుకున్నాను. మంచి వార్త. ఇది వేస్తే తోడల్లుడి ఫోటో కూడా వేయాలి. అది మన పేపర్లో మొదటిసారి. ఫ్రిజ్ మీదికి రెండోది.

ఇవ్వలేదు. రేపు ఇస్తాను. ఒకసారి వాక్యాలు సరిచూడాలి.

ఆగస్టు 11

రేపు.

ఆగస్టు 12

టీవీలో మళ్ళీ ఆయనే. ఈసారి తెల్ల చొక్కా. ఎవరు చెప్పారో. ఎదుటి కుర్చీలో ఒక పార్టీ నాయకుడు గొంతు చించుకుంటున్నాడు. తోడల్లుడు ఆయన చెప్పినదాంట్లో ముందు ఒక మంచి సంగతి ఒప్పుకుని, తర్వాత మాట్లాడాడు. "అరవై ఎనిమిది మంది వద్దన్నారు. ఆ అంకెని నేను కాదనను. నిజాయితీ గల విలేకరి ఇచ్చిన అంకె."

అమ్మాయి లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ అంకెలో తప్పేముంది?

ఆగస్టు 13

ఎడిటర్: "ఏమయ్యా, ఏదో చూస్తానన్నావు?"

"మిగిలిందేమీ లేదు."

సర్వే సంస్థ ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఆగస్టు 14

మండలి సమావేశం. నేనే వెళ్ళాను, నా బీటు కాబట్టి. విలేకర్ల బల్ల ముందువరసలో, సందర్శకుల కుర్చీలు గోడ పక్కన. తోడల్లుడు అక్కడ కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పిల్లలు గీసిన ఏవో చార్టులు చుట్టి పెట్టుకుని. వాటిని విప్పమని ఎవరూ అడగలేదు.

ఒక సభ్యురాలు నా వార్త చదివి వినిపించింది. ఇంకొకాయన, "ప్రజాస్వామ్యంలో ప్రజల మాట కాదని ప్రజాస్వామ్యం నేర్పుతామా?" అన్నాడు. బల్లలు చరిచారు. బాగుంది, రాసుకున్నాను.

నిర్ణయం: ఆ పద్ధతి అన్ని బళ్ళలోనూ పెట్టరు. ఇప్పుడు నడుస్తున్న చోట కూడా ఆపేస్తారు. పౌరశాస్త్రం పుస్తకంలో ఉన్నట్టు చెప్పాలి.

బయటికొస్తుంటే తోడల్లుడు ఎదురయ్యాడు. చార్టులు చంకలో ఉన్నాయి. "వస్తానన్నయ్యా, పిల్లలకి నేనే చెప్పాలి కదా," అన్నాడు. ఇంకేదో అనబోయి, నా చేతిలో రాసుకున్న కాగితాలు చూసి, "మీకు పనుంది," అని వెళ్ళిపోయాడు.

వార్త పొట్టిగా ఇచ్చాను. కోయడానికి ఏమీ లేకుండా.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి సోఫాలో ఉంది.

"వేయలేదా నాన్నా?"

"టైము సరిపోలేదమ్మా."

"అలాగే నాన్నా," అంది.

ఆగస్టు 17

ఫ్రిజ్ మీద ఫోటో లేదు. నేను తీయలేదు. ఎవరు తీశారని అడగలేదు.

ఆగస్టు 20

మా ఆవిడ అడిగింది. "అమ్మాయికి ఏమైంది? చెల్లి వాళ్ళింటికి రమ్మంటే రానంటోంది. ఎందుకే అంటే, బాబాయి మొహం ఎలా చూడనమ్మా అంటుంది. ఆయనేమైనా అన్నాడా దాన్ని? ఆయన మీద కోపమొచ్చిందా?"

"కావచ్చు," అన్నాను.

తర్వాత బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. కొంత తేలిగ్గా ఉంది. అమ్మాయి అక్కడికి వెళ్ళడం లేదు. రోజూ సాయంత్రం ఇంట్లోనే ఉంటోంది. నెలన్నర నుంచి నేను కోరుకుంటున్నది ఇదే కదా.

ఆగస్టు 23

ఇంట్లో ఇప్పుడు "బాబాయి అన్నాడు" వినపడటం లేదు. ఎవరు ఏమన్నారన్నదే వినపడటం లేదు. ఉప్పు ఇవ్వమంటే ఇస్తుంది. బడి ఎలా ఉందంటే బాగుందంటుంది. ఎదిగే వయసు, మాట తగ్గుతుంది. పుస్తకాల్లో కూడా రాశారు.

ఆగస్టు 26

ఆఫీసుకి వస్తావా, ఆదివారం ఖాళీగా ఉంటుంది, నీ పాత కుర్చీ అలాగే ఉందన్నాను.

"చదువుకోవాలి నాన్నా."

ఆగస్టు 29

భోజనానికి కూర్చున్నాం. ముగ్గురమే. అమ్మాయి ప్లేటులోకి చూస్తూ తింటోంది.

"ఈసారి ఎన్నికల్లో నేను ఓటు వేయను," అన్నాను. "అన్ని పార్టీలూ ఒకటే. దండగ."

నేనెప్పుడూ ఓటు మానలేదు. ఈ మాట జూలైలో అని ఉంటే ఈ పిల్ల చెంచా కింద పెట్టేసేది. కుర్చీ వెనక్కి తోసి లేచేది. ఎందుకు ఒకటే, ఏ విషయంలో ఒకటే, నువ్వు వాళ్ళ ప్రణాళికలు చదివావా అని నన్ను నమిలేసేది.

"అవును నాన్నా," అంది.

ఆగాను. ఇంకేమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"అసలు ఇన్ని పార్టీలెందుకు? ఒక్కటుంటే చాలు. గొడవ ఉండదు, ఖర్చు ఉండదు."

"అవును."

మా ఆవిడ నా వైపు వింతగా చూసింది. "ఒంట్లో బాగానే ఉందా మీకు?"

నేను ఆపలేదు. "పేపర్లో వచ్చిందంతా నిజమని నమ్మేస్తే సగం తలనొప్పులు తగ్గుతాయి మనుషులకి."

అమ్మాయి నమలడం ఆపింది. తలెత్తుతుందనుకున్నాను. నీళ్ళు తాగింది.

"అలాగే నాన్నా."

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. ఎలా వచ్చిందో తెలీదు, గొంతు కూడా కొంచెం పెద్దదైంది. "మీ బాబాయైతే ఏమంటాడు దీనికి? ఊరుకుంటాడా? ఏదో ఒకటి అంటాడు కదా!"

"ఏమీ అనడం లేదు నాన్నా. నోట్సు చెబుతున్నాడు. మేం రాసుకుంటున్నాం."

గిన్నె నా వైపు జరిపింది. చాలా మర్యాదగా జరిపింది. నేను వడ్డించుకున్నాను. ఇంకా కావాలా అని మా ఆవిడ అడిగితే ముగ్గురం వద్దన్నాం. భోజనం ఏకగ్రీవంగా ముగిసింది.